గోడ అవతల ఏముంది?

మీ ఇంట్లో స్టైరీన్ అనే ద్రవంతో చుట్టరికం ఉన్న వస్తువులు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్క వేశారా? ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల కనిపించే తెల్లటి గోడ, కొత్త టీవీ అట్టపెట్టెలో మూలమూలకీ బిగించి వచ్చే థర్మకోల్, పాత పాటల సీడీలు దాచుకున్న గాజులాంటి డబ్బా, విందుల్లో నీళ్లు తాగి పారేసే పల్చటి గ్లాసు, ఇవన్నీ చాలావరకు ఆ ద్రవం గట్టిపడగా వచ్చినవే. వినాయక చవితికి థర్మకోల్‌తో కట్టే మండపాలు ఎంత ముచ్చటగా ఉండేవో ముంబై పాఠకులకు నేను వేరే చెప్పనక్కర్లేదు. 2018లో మహారాష్ట్ర ప్రభుత్వం నిషేధం పెట్టేదాకా ఆ తెల్లటి పలకలు లేని చవితి పందిరి అరుదు.

నేను బరంపురంలో ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. పాలిమర్ అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లల్ని వరసగా నిలబెట్టేదాన్ని. ఒక్కొక్కరూ ఒక్కో అణువు. విడివిడిగా ఉన్నంతసేపూ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు గెంతుతారు. అది ద్రవం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే కదలడం కష్టమవుతుంది. అది ప్లాస్టిక్. స్టైరీన్ అణువులు చేతులు కలిపితే పాలీస్టైరీన్ అవుతుంది. పాఠం అంతే. పిల్లలు నవ్వుకుంటూ కూర్చునేవారు, గంట కొట్టేవారు.

వస్తువు మన గుమ్మంలోకి వచ్చాక దాని సంగతి మనకు తెలుసు. అంతకు ముందు అది ఏ గోడల మధ్య తయారైంది, ఆ గోడల పక్కన ఎవరు నిద్రపోతున్నారు అన్నది ఏ పాఠంలోనూ లేదు. నేనూ చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. ఆ పాఠాన్ని 2020లో విశాఖపట్నం చెప్పింది. ఆ తర్వాత మా ఇంట్లోనే దాని అవసరం పడింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక కంపెనీ కథ చెబుతాను. 1947 జనవరిలో కొరియా దేశంలోని పుసాన్ రేవు పట్టణంలో కూ ఇన్-హ్వే అనే వ్యాపారి ముఖానికి రాసుకునే క్రీము తయారుచేయడం మొదలుపెట్టాడు. దాని పేరు లక్కీ క్రీము. సరుకు బాగానే ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు. వచ్చిన చిక్కల్లా సీసా మూతలతోనే. రవాణాలో అవి పగిలిపోయేవి. పగలని మూత ఏదని వెతుక్కుంటూ ఆయన ప్లాస్టిక్ దగ్గరికి చేరాడు. 1950 దశకం మొదట్లో, యుద్ధం ఇంకా పూర్తిగా చల్లారని రోజుల్లోనే, ఆ కంపెనీ ప్లాస్టిక్ దువ్వెనలు, సబ్బు పెట్టెలు పోతపోయడం మొదలుపెట్టింది. 1958లో గోల్డ్‌స్టార్ అనే తోబుట్టువు కంపెనీ పుట్టి, మర్నాటి ఏడాది ఆ దేశపు మొదటి రేడియోను తయారుచేసింది. లక్కీ, గోల్డ్‌స్టార్ రెండూ కలిసిన గుంపే 1995లో ఎల్‌జీ అని పేరు మార్చుకుంది. ఆ గుంపులోని రసాయనాల సంస్థ పేరు ఎల్‌జీ కెమ్.

దువ్వెనలు పోతపోయడానికి ముడి ప్లాస్టిక్ కావాలి. దాన్ని ఇంకొకరి దగ్గర కొనడం దేనికి, మనమే చేద్దాం అనుకున్నారు. దానికి పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలు కావాలి. వాటినీ తామే చేయసాగారు. అలా 1970లలో యోసు అనే సముద్రతీర పట్టణంలో పెద్ద కర్మాగారాలు లేచాయి. 1999లో లిథియం బ్యాటరీలు మొదలయ్యాయి. 2020 నాటికి ఎల్‌జీ కెమ్ ప్రపంచంలోని పెద్ద రసాయన కంపెనీల జాబితాలో మొదటి పదింటి చుట్టుపక్కలకు చేరింది. పగిలే మూత దగ్గర మొదలైన బండి ఎంత దూరం వచ్చిందో చూడండి. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. మన ఇళ్లలో అమ్మమ్మలు వాడిన కొమ్ము దువ్వెన పోయి ప్లాస్టిక్ దువ్వెన రావడానికి ఇలాంటివాళ్లే కారణం. చవకగా దొరికింది, మనం కొన్నాం.

ఇక రెండో కథ మన వైపుది. విశాఖపట్నం శివార్లలో గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం అని ఒక ఊరుంది. అక్కడ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో పాలీస్టైరీన్ చేసే ఫ్యాక్టరీ పెట్టారు. 1978లో అది మెక్‌డోవెల్ కంపెనీలో కలిసింది. 1997లో ఎల్‌జీ కెమ్ దాన్ని కొని ఎల్‌జీ పాలిమర్స్ అని పేరు పెట్టింది. అప్పటికి విశాఖ ఊరు పెరిగి పెరిగి ఫ్యాక్టరీ గోడల దాకా వచ్చేసింది.

గంజాం జిల్లా తెలుగువాళ్లకు గోపాలపట్నం పరాయి చోటు కాదు. బరంపురం నుంచి వెళ్లే రైలు పెందుర్తి దాటాక, విశాఖ చేరబోయే ముందు ఆ పక్కనుంచే పోతుంది. సింహాచలం అప్పన్న మొక్కు ఉన్న ఇల్లు మా వైపు లేదంటే నమ్మండి. చందనోత్సవానికి వెళ్లి, కొండ దిగి, ఎండలో నిమ్మసోడా తాగి, మళ్లీ రైలెక్కడం మా చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. ఆ దారిలో అన్నిసార్లు వెళ్లినా అక్కడ ఏ డబ్బాలో ఏముందో మాకు తెలియదు. దారిన పోయేవాళ్లం, మాకు తెలియకపోయినా ఫరవాలేదు. అక్కడే కాపురం ఉన్నవాళ్లకూ తెలియలేదన్నదే అసలు విషయం.

2020లో చందనోత్సవం ఏప్రిల్ 26న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్. భక్తులు లేకుండానే జరిపించారు. మేము ఇంట్లోనే దీపం పెట్టుకున్నాం. పదకొండు రోజుల తర్వాత, మే 7న, వైశాఖ పౌర్ణమి తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఎల్‌జీ పాలిమర్స్‌లోని ఎం-6 అనే ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది.

ఏం జరిగిందో టీచరు బుద్ధితో నాలుగు ముక్కల్లో చెబుతాను. పల్లెటూరి వాళ్లకు గడ్డివాము సంగతి తెలుసు. గడ్డి సరిగ్గా ఆరకుండా వామి వేస్తే పైన చల్లగానే ఉంటుంది, లోపల మాత్రం వేడి పుడుతుంది. ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. పట్టించుకోకపోతే ఒకరోజు పొగ లేస్తుంది. స్టైరీన్ స్వభావం కూడా అలాంటిదే. దాన్ని చల్లగా, ఇరవై డిగ్రీల లోపు ఉంచాలి. అణువులు వాటంతట అవి చేతులు కలపకుండా టీబీసీ అనే మందు కలపాలి. ఆ మందు పనిచేయాలంటే ద్రవంలో కాస్త ప్రాణవాయువు ఉండాలి. అడుగున ఒక వేడి, పైన ఒక వేడి లేకుండా ట్యాంకులోని ద్రవాన్ని తిప్పుతూ ఉండాలి. ఇందులో ఏది లోపించినా అణువులు చేతులు కలుపుతాయి. కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది. ఆ వేడికి మరిన్ని కలుస్తాయి. చివరికి ద్రవం మరిగి ఆవిరై, ఉన్న దారిలోంచి తన్నుకుని వస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు. నేలను పట్టుకుని, మంచులా, పడుకున్నవాళ్ల ఇళ్లలోకి పోతుంది.

రాష్ట్ర ప్రభుత్వం సీనియర్ ఐఏఎస్ అధికారి నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన కమిటీ 2020 జూలై 6న నివేదిక ఇచ్చింది. వేడిని కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉందని అందులో రాశారు. పైన ఎంత వేడి ఉందో చూసే ఏర్పాటు లేదు. ద్రవాన్ని చల్లబరిచే యంత్రాన్ని పగలు మాత్రమే నడిపి సాయంత్రం అయిదింటికి ఆపేసేవారు. 2019 డిసెంబరులో గొట్టాల అమరిక మార్చడం వల్ల ద్రవం సరిగ్గా తిరగలేదు. టీబీసీ చాలినంత లేదు. ఆవిరి లేచిన తర్వాత ఆ మందును గుజరాత్ వైపు నుంచి ప్రత్యేక విమానంలో తెప్పించవలసి వచ్చింది. వంటింట్లో ఉప్పు లేకపోతే పక్కింటికి పోతాం. ఇలాంటి చోట ఉండవలసిన మందు విమానమెక్కి రావడం ఏమిటి?

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది సైరన్ సంగతి. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలు ఉన్నాయని కమిటీ రాసింది. ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు. ఊళ్లో జనం ఘాటు వాసనకి, కళ్లమంటకి లేచారు. ఏమైందో తెలియక చీకట్లో పరుగులు తీశారు. ఎటు పరుగెత్తాలో ఎవరూ చెప్పలేదు. కొందరు ఆవిరి ఉన్న వైపే పరుగెత్తి రోడ్డు మీదే పడిపోయారు. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కట్టుగొయ్యల దగ్గర పశువులు చచ్చిపోయాయి. పచ్చటి చెట్లు ఆకులు మాడి నిలబడ్డాయి. మర్నాడు టీవీలో ఆ దృశ్యాలు చూసినవాళ్లకు భోపాల్ గుర్తొచ్చింది. 1984 డిసెంబరు రాత్రి కూడా అంతే, నిద్రలో ఉన్న ఊరు.

మా చుట్టాలెవరూ ఆ ఊళ్లో లేరు. అప్పన్న దయవల్ల అనుకుని ఊరుకోవచ్చు. కానీ వార్తలు చూస్తుంటే నాకు ఒకటే అనిపించింది. వాళ్లకు ముందే రెండు మాటలు తెలిసి ఉంటే? ఆ ఆవిరి నేలబారున వస్తుంది, పైకెక్కండి, గాలి వాలుకు అడ్డంగా పొండి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి అని ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే? దీనికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. ఒక కాగితం చాలు.

ఆ తర్వాత జరిగినవన్నీ పత్రికల్లో వచ్చినవే. రాష్ట్ర ప్రభుత్వం చనిపోయినవారి కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే తనంత తానుగా కేసు చేపట్టి, ముందు 50 కోట్ల రూపాయలు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. ప్రమాదకరమైన సరుకు పెట్టుకున్నవాడిదే బాధ్యత అని తేల్చింది. ప్లాంటులోను, రేవులోను ఉన్న సుమారు 13 వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో కొరియాకు తిరిగి పంపారు. కమిటీ నివేదిక వచ్చిన మర్నాడు కంపెనీ పెద్దలతో సహా 12 మందిని అరెస్టు చేశారు. కొందరు ప్రభుత్వాధికారులు సస్పెండయ్యారు. కంపెనీ క్షమాపణ చెప్పింది. 2024లో బాధితులకు మరో 120 కోట్ల సాయం ప్రకటించింది.

అయితే ఇంకో సంగతి కూడా బయటపడింది. చేస్తున్న ఉత్పత్తికి తగిన, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని 2019 మేలోనే ఆ కంపెనీ అఫిడవిట్ రాసి ఇచ్చింది. అంటే కాగితం మీద ఒకరికి తెలుసు. ఆ కాగితం తీసుకున్నవాళ్లకు తెలుసు. గోడ పక్కన పడుకున్నవాళ్లకు తప్ప.

ఇది పరాయి దేశపు కంపెనీ మన దేశానికి వచ్చి చేసిన నిర్లక్ష్యం అని కొందరన్నారు. వాళ్ల దేశంలో ఏం జరిగిందో చూస్తే ఆ మాట సగమే నిజం. 2019 ఏప్రిల్‌లో కొరియా పర్యావరణ శాఖ ఒక విషయం బయటపెట్టింది. యోసులోని కొన్ని కంపెనీలు, కాలుష్యాన్ని కొలిచే ఏజెన్సీలతో కుమ్మక్కై, పొగగొట్టాల లెక్కలు తగ్గించి రాయించాయని. వాటిలో ఎల్‌జీ కెమ్ పేరుంది. కంపెనీ ప్రధానాధికారి క్షమాపణ చెప్పి, దానికి సంబంధించిన విభాగాన్ని మూసేస్తామన్నారు. పుట్టినింట్లోనే అంకెలు దాచినవారు మెట్టినింట్లో అన్నీ విప్పి చెబుతారని ఎలా అనుకోగలం? నా ఉద్దేశంలో జబ్బు దేశానిది కాదు, రసాయనానిది కూడా కాదు. చెప్పకపోవడమే జబ్బు. స్టైరీన్‌ను చల్లగా ఉంచితే అది మంచి సేవకుడు. దాని సంగతి దాచిపెడితేనే యమదూత.

ఇంతవరకూ లోకం సంగతి. ఇక మా ఇంటి సంగతి చెబుతాను.

మా తమ్ముడి కొడుకు కెమికల్ ఇంజనీరింగులో డిప్లొమా చేశాడు. ఇంట్లో వాణ్ణి చిన్నా అంటాం. 2022లో వాడికి తీరం వెంబడి ఉన్న ఒక రసాయన కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. దాని పేరు ఇక్కడ అనవసరం. ఉత్తరం చూసి మా తమ్ముడు స్వీట్లు తెచ్చాడు. వాడి చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు మరి. మా మరదలు మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది.

"వదినా, మీరు సైన్సు చెప్పినవారు. వెంకటాపురం టీవీలో చూసినప్పటినుంచీ నాకు ఆ డబ్బాలంటే దడ. మీరు వద్దంటే వాడు మానేస్తాడు. మీ మాట వింటాడు" అంది.

ఆమె అడిగింది చిన్న మాట కాదు. నేను వద్దంటే ఒక ఇంటి అప్పు తీరే దారి మూసుకుపోతుంది. వెళ్లమంటే, రేపు ఏదైనా జరిగితే ఆమె ముఖం నేను చూడలేను. రెండు రోజులు ఆలోచించాను. అలాంటి ప్లాంట్లు మనకు వద్దు అనడం తేలిక. కానీ మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది, మందు సీసాలున్నాయి, నీళ్ల పైపులున్నాయి. అవి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి పిల్లలు తయారుచేయవలసినవే. మా పిల్లవాడు వెళ్లకపోతే ఇంకొకరి పిల్లవాడు వెళతాడు. ఆ ట్యాంకుల దగ్గర తెలివిగలవాడు, అడిగే అలవాటున్నవాడు ఉండడమే ఊరికి మంచిది కదా అనిపించింది.

చిన్నాను పిలిచి చెప్పాను. "వెళ్లరా. కానీ చేరిన నెలలోగా నాలుగు ప్రశ్నలకు జవాబు తెచ్చి నాకు చెప్పాలి. ఒకటి, నువ్వు పనిచేసే చోట ఏ ట్యాంకులో ఏముంది? రెండు, దాన్ని ఎంత చల్లగా, ఏ మందు కలిపి ఉంచాలి, రాత్రిపూట చూసేదెవరు? మూడు, సైరన్ మీట ఎక్కడుంది, దాన్ని నొక్కడానికి నువ్వు ఎవరి అనుమతైనా అడగాలా? నాలుగు, గోడ అవతల ఉన్నవాళ్లకు ఇవన్నీ తెలుసా?"

వాడు నవ్వి, "అత్తా, ఇంటర్వ్యూలో కూడా ఇన్ని అడగలేదు" అన్నాడు. మా మరదలు మాత్రం నవ్వలేదు. నాలుగూ ఒక కాగితం మీద రాయించి వాడి సంచిలో పెట్టింది.

నెల తిరిగేసరికి ఫోను చేశాడు. మొదటి మూడింటికీ జవాబులున్నాయి. మీట నొక్కడానికి ఎవరినీ అడగక్కర్లేదట. అది విని మా మరదలు కాస్త ఊపిరి పీల్చుకుంది. నాలుగోదానికి మాత్రం, "బయట బోర్డు పెట్టారు అత్తా, ఇంగ్లీషులోను ఒడియాలోను ఉంది" అన్నాడు.

"గోడ పక్కన ఉన్నదెవరురా?"

"జాలరి పేట. మనవాళ్లే."

గంజాం తీరం సంగతి తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. ఇక్కడి సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల పల్లెల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తరాలుగా ఇక్కడే ఉన్నారు. ఒడియా మాట్లాడగలరు కానీ పెద్దవాళ్లలో చదవగలిగినవాళ్లు తక్కువ. ఇంగ్లీషు మాట చెప్పనే అక్కర్లేదు. అంటే ప్రమాదం వస్తే మొదట ఎవరి ఇంట్లోకి వస్తుందో వాళ్లు చదవలేని బోర్డు అది. భాష అంటే పండగనాడు పాడుకునే పద్యం అని మన సంఘాల్లో అనుకుంటూ ఉంటాం. ఇక్కడ అది ప్రాణానికి సంబంధించిన వ్యవహారమైంది.

చిన్నా తన పై అధికారితో ఆ మాట అన్నాడు. "అది చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు, నీ పని నువ్వు చూసుకో" అన్నారట. కొత్తగా చేరినవాడు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గట్టిగా అడిగితే ఏమవుతుందో అని వాళ్ల నాన్న భయం. నేను వాడికి ఒక్కటే చెప్పాను. "నువ్వు దెబ్బలాడకు. చట్టంలో ఉన్నదే అడుగు."

భోపాల్ తర్వాత మన దేశంలో ఈ విషయంలో నియమాలు వచ్చాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పరిశ్రమ తన దగ్గర ఉన్న అపాయం గురించి పనివాళ్లతో పాటు చుట్టుపక్కల ప్రజలకు కూడా తెలపాలని చేర్చారు. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నియమాలు ఇంకాస్త ముందుకు వెళ్లాయి. పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్నవాళ్లకు, అపాయం ఎలాంటిది, అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది చెప్పాలి. ఫ్యాక్టరీ బయటి ప్రాంతానికి ఒక ప్రణాళిక ఉండాలి. దాన్ని ఏడాదికోసారి రిహార్సల్ చేసి చూడాలి. ఇవన్నీ మనకు దయతో ఇచ్చేవి కావు, ఇవ్వవలసినవి.

ఏడాదికోసారి జరిగే ఆ రిహార్సల్ రోజు దగ్గరపడ్డాక, పేటలో తెలుగులో మాట్లాడేవాడు ఒకడు కావాలని వాళ్లకే అవసరం వచ్చింది. చిన్నా చెయ్యెత్తాడు. ఆ రాత్రి నాకు ఫోను. వాడు ఒడియా మీడియంలో చదివినవాడు, తెలుగు కూడబలుక్కుని రాస్తాడు. "గాలి దిశకు లంబముగా ప్రయాణించవలెను" అని రాసుకున్నాడు.

"లంబం అంటే నా క్లాసులో పిల్లలకే అర్థమయ్యేది కాదురా. గాలికి అడ్డంగా పొండి అని రాయి" అన్నాను. అలా ఒక్కొక్క మాటా మార్చుకుంటూ వచ్చాం. ఇల్లు వదిలి బయలుదేరండి. పల్లంలోకి దిగకండి, మెరకకు పొండి. పిల్లల్ని, ముసలివాళ్లని ముందు పంపండి. ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోండి. పొయ్యి వెలిగించకండి. అందరూ చేరవలసిన చోటు ఫలానా. ఒక పేజీ దాటలేదు.

రిహార్సల్ నాడు వాడు పేటలో నిలబడి అదంతా చదివాడు. మధ్యలో గాలి ఎటు వీస్తోందో ఎలా తెలుసుకోవాలో వివరించబోతే, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి నవ్వాడట.

"గాలెటో మాకెరుకే బాబూ. పుట్టిన కాడ్నించీ అదే కదా మా బతుకు. ఆ డబ్బాలో ఏటుందో, అది సెప్పు."

ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? గాలి వాళ్లకు తెలుసు, సముద్రం తెలుసు. ఎటు పారిపోవాలో, ఎంత వేగంగా పోవాలో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు తెలియనిది ఒక్కటే, గోడ అవతల ఏముందో. అది చెప్పవలసినవాళ్లు చెబితే మిగతాది వాళ్లే చూసుకుంటారు. వెంకటాపురంలో ఆ పౌర్ణమి రాత్రి లేనిది ఇదే.

చిన్నా చెప్పాడు. ఏ ట్యాంకులో ఏముందో, అది ఎలాంటి వాసన వేస్తుందో, గాలికంటే బరువో తేలికో చెప్పాడు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఆడవాళ్లే ఎక్కువగా అడిగారట. వేటకెళ్లినవాళ్లు ఒడ్డుకి రావచ్చా? ఎండబెట్టిన చేపలు పారేయాలా? చంటిపిల్ల ముక్కుకి తడిగుడ్డ పెడితే ఊపిరాడుతుందా? కొన్నిటికి వాడి దగ్గర జవాబు లేదు. రాసుకుని వెళ్లి పై అధికారులను అడిగాడు. వాళ్లకూ కొన్నిటికి జవాబు వెతకవలసి వచ్చింది.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఇలాంటి గోడల దగ్గరే ఉన్నారు. ముంబైలో చెంబూరు, ట్రాంబే వైపు ఉన్నవాళ్లకు, చెన్నైలో మణలి వైపు ఉన్నవాళ్లకు, మంగళూరు, పారాదీప్ వాళ్లకు రాత్రిపూట ఆకాశంలో వెలిగే మంట కొత్త కాదు. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలిన ఉదయం యానాం పాఠకులు మరచిపోయి ఉండరు. మన తాతలు పనికోసం ఊరు వదిలి వచ్చారు. పని ఉన్న చోటే ఇల్లు కట్టుకున్నారు. పని ఉన్న చోటే పొగగొట్టమూ ఉంది. అందుకని ఊరు వదిలి పొండి అని నేననను. ఇల్లు ముందా, ఫ్యాక్టరీ ముందా అన్న వాదంలోకి కూడా నేను పోను. ఎవరు ముందొచ్చినా చెప్పవలసిన బాధ్యత తగ్గదు.

మా చిన్నా సంచిలో పెట్టిన ఆ నాలుగు ప్రశ్నలే మీరూ అడగండి. మీ వార్డు సభ్యుణ్ణి అడగండి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి రాయండి, జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. రిహార్సల్ ఎప్పుడు జరుగుతుందో కనుక్కుని వెళ్లి చూడండి. మీ వీధిలో తెలుగు మాత్రమే తెలిసిన అవ్వలు, తాతలు ఉంటే వాళ్లకు మీరే తెలుగులో చెప్పండి. మన సంఘాల పెద్దలు ఉగాది కార్యక్రమంలో ఒక పావుగంట దీనికి కేటాయిస్తే ఎవరూ విసుక్కోరని నా నమ్మకం.

మా మరదలికి భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ వాడికి రాత్రి డ్యూటీ ఉన్న రోజుల్లో ఫోను తలగడ పక్కనే పెట్టుకుంటుంది. కానీ ఇప్పుడు ఆమె భయానికి ఒక ఆకారం ఉంది. ఏ ట్యాంకు, ఏ వాసన, ఏ మీట అన్నీ ఆమెకు తెలుసు. తెలిసిన భయంతో కాపురం చేయవచ్చు, తెలియని భయంతోనే కష్టం అంటుంది.

చిన్నా రాసిన కాగితాన్ని పేటలో గంగమ్మ గుడి గోడకి అంటించారు. ఉప్పుగాలికి ఆరు నెలల్లో అక్షరాలు వెలిసిపోయాయి. వాడు మళ్లీ కొత్తది రాసి, ఆడవాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా చేర్చి, ఈసారి రేకు మీద రాయించి పెట్టాడు. మాటల కోసం నాకు ఫోను చేస్తాడని ఎదురుచూశాను. చేయలేదు. ఫొటో తీసి పంపాడు. ఒక్క తప్పు లేదు.